గేటు మార్పించిన మా హిందీ టీచర్

మా హిందీ టీచర్ పోయారన్న సంగతి నాకు ఆఫీసులో ఉండగా తెలిసింది. హైదరాబాదు ఎల్‌బీ నగర్‌లో ఒక బీమా ఆఫీసు కౌంటర్లో నా ఉద్యోగం. ఎవరో పెద్దాయనకు పాలసీ కాగితాలు చూపిస్తుంటే ఫోన్ వచ్చింది. టీచర్ కూతురు. "అమ్మ తెల్లారేసరికి వెళ్ళిపోయిందమ్మా. నిద్రలోనే. ముందు నీకే చెప్పాలనిపించింది" అంది. కాగితాలు పక్కన పెట్టి లోపలి గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ ఏడుపు ఇంకా ఆరకముందే చైతన్యపురి మలుపులో ఫ్లెక్సీ లేచింది. పైన కన్నీటి నివాళి అని పెద్ద అక్షరాలు, కింద మేం చదువుకున్న స్కూలు పేరు. మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మా కరస్పాండెంట్ సార్, అంటే స్కూలు యజమాని, చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. టీచర్ ఫోటో మాత్రం ఓ మూల తపాలా బిళ్ళంత ఉంది. పోయింది ఆమా, ఆయనా అని దారిన పోయేవాళ్ళకు అనుమానం రావాలి. పాపిష్టి ఆలోచనే గానీ, ఆ అనుమానం నిజమైతే బాగుండునని ఒక్క క్షణం నాకూ అనిపించింది.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది ఆయనే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నివాళి మెత్తగా ఉండాలంటారు. నాకు చేతకాదు. మెత్తటి మాటలు మా టీచర్‌కీ పడేవి కావు.

మాది ఇబ్రహీంపట్నం అవతల పల్లె. నాన్నకు బస్సుల డిపోలో పని దొరికితే కొత్తపేట వచ్చి, కిరాయి ఇంట్లో దిగాం. నన్ను ఎనిమిదో తరగతిలో చేర్పించారు. క్లాసులో సగం మంది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళ పిల్లలు. నేను "రేపొస్త సార్" అన్నా నవ్వే, "గిదేంది" అన్నా నవ్వే. నవ్వేవాళ్ళలో మావైపు పిల్లలూ ఉండేవారు. ఇంట్లో మాట్లాడే మాటను గేటు బయట చెప్పుల్లా విడిచి లోపలికొచ్చేవాళ్ళు వాళ్ళు. అమ్మ బొట్టు పెట్టుకోదని, ఆదివారం చర్చికి పోతామని ఇంకొన్ని జోకులు. దాన్ని అక్కడ మజాక్ అనేవారు.

టీచర్‌ది గుంటూరు వైపు. ఆమెకూ అదే తిప్పలు, ఇంకో దిక్కు నుంచి. ఆమె హిందీ అచ్చం పుస్తకంలోంచి దిగినట్టు ఉండేది. హైదరాబాదు గల్లీల్లో పెరిగిన పిల్లలు ఊరుకుంటారా? "క్యా టీచర్, ఐసా నక్కో బోలో" అని, అంటే అలా మాట్లాడొద్దని, వెనక బెంచీల్లోంచి గొంతు మార్చి అరిచేవారు. ఆమె సుద్దముక్క కింద పెట్టి, "నాది పుస్తకం హిందీ, మీది బజారు హిందీ. పరీక్ష పేపరు దిద్దేది నేను. ఏది రాస్తారో మీ ఇష్టం" అనేవారు. అంతే, పాఠంలోకి వెళ్ళిపోయేవారు.

మా సోషల్ సార్‌కి ఒక పద్ధతి ఉండేది. మన బళ్ళల్లో చదివినవాళ్ళకు చాలామందికి అది తెలిసే ఉంటుంది. సార్ ప్రశ్న అడుగుతాడు. తెలియనివాళ్ళు నిలబడాలి. జవాబు చెప్పినవాడు వచ్చి, నిలబడ్డవాళ్ళ ముక్కు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చెంప మీద కొట్టాలి. ఎవరైనా జాలిపడి మెల్లగా కొడితే, సార్ వాణ్ణి దగ్గరికి పిలిచి ఎంత గట్టిగా కొట్టాలో వాడి చెంప మీదే చూపించేవాడు. ఒకసారి చూశాక ఎవరూ జాలిపడేవారు కాదు.

ఆ రోజు నాకు జవాబు తెలుసు. చెప్పాను కూడా, మా ఊళ్ళో చెప్పుకున్నట్టే. క్లాసంతా ఘొల్లుమంది. "మనుషుల భాషలో చెప్పు" అన్నాడు సార్. ఇంక నోరు పెగల్లేదు. ఫస్ట్ ర్యాంకు అబ్బాయి లేచి అదే జవాబు చెప్పి, నా ముక్కు పట్టుకున్నాడు. దెబ్బ చెంప తప్పి ఎడమ చెవి మీద పడింది. లోపల ఏదో చిట్లినట్టయి, ఆ పక్కనున్న ప్రపంచం మూసుకుపోయింది.

తర్వాతి పీరియడ్ హిందీ. నా మెడ మీద రక్తం చూసి టీచర్ ఎవరినీ ఏమీ అడగలేదు. కొంగుతో తుడిచి, చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, ఆటో ఎక్కించారు. దవాఖానలో డాక్టరు కర్ణభేరి చిరిగిందన్నాడు. అది సరిగా అతుక్కోలేదు. ఇప్పటికీ నా కౌంటర్ దగ్గర వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ కుడి పక్కనే వేయించుకుంటాను.

మర్నాడు నాన్నను ఆఫీసు గదిలోకి పిలిచారు. కరస్పాండెంట్ సార్ మర్యాదగా టీ తెప్పించాడు. "పిల్లలన్నాక ఆడుకుంటారండీ. ఆటలో తగిలింది" అన్నాడు. సోషల్ సార్ తలూపాడు. అప్పుడు టీచర్ పిలవకుండానే లోపలికొచ్చారు.

"ఆట కాదండీ. సార్ కొట్టించారు. ఈ స్కూల్లో రోజూ కొట్టిస్తున్నారు" అన్నారు.

"మీరు హిందీ చెప్పుకోండమ్మా" అన్నాడు కరస్పాండెంట్.

నాన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "పోనియ్యుండ్రి మేడం. పెద్దోళ్లతోని మనకెందుకు" అన్నాడు.

"ఎందుకేంటండీ? పోయిన చెవి మీ అమ్మాయిది. పోనివ్వడానికి మీదీ కాదు, నాదీ కాదు" అన్నారు టీచర్.

కొద్ది రోజులకే పొద్దున ప్రార్థన దగ్గర ప్రకటించారు: హిందీ టీచర్ ఆరోగ్యం బాగాలేక మానేశారట. అప్పుడామె మా కళ్ళముందే సంచీ భుజాన వేసుకుని గేటు దాటుతున్నారు. అంత ఆరోగ్యంగా నడిచే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వేరేవాళ్ళయితే ఇంకో బడి చూసుకునేవారు. ఆమె స్కూలు గేటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న ఇంట్లో పై పోర్షన్ కిరాయికి తీసుకున్నారు. ట్యూషన్ బోర్డు పెట్టారు. సాయంత్రం చివరి గంట కొట్టగానే వచ్చి బాల్కనీలో నిలబడేవారు. ఎవరైనా పిల్ల కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే చాలు, పైనుంచి కేకేసేవారు. "ఏమ్మా, ఏమైంది? ఎవరు కొట్టారు? ఏ సార్ కొట్టించాడు?" గేటు దగ్గర స్కూటర్ల మీద ఎదురుచూసే తల్లిదండ్రులందరికీ వినపడేలా. తిట్టేవారు కాదు, అడిగేవారు అంతే. పిల్లలు పైకి చూసి ఉన్నదున్నట్టు చెప్పేసేవారు.

కరస్పాండెంట్ మొదట వాచ్‌మన్‌ను పంపాడు, తర్వాత తెలిసిన పెద్దమనుషులను పంపాడు. "నా బాల్కనీలో నేను నిలబడ్డానండీ, కాఫీ తాగుతారా?" అని ఆమె అందరికీ కాఫీ ఇచ్చి పంపారు. చివరికి ఆయన వాస్తు పేరెత్తుకున్నాడు. ముందు గేటుకి వీధిపోటు ఉందని చెప్పి దాన్ని మూయించి, వెనకసందులోకి కొత్త గేటు పెట్టించాడు. ఆ వేసవి సెలవుల్లోనే టీచర్ సామాను ఆటో ట్రాలీలో వెనకసందుకు, కొత్త గేటు ఎదురింటి పై పోర్షన్‌కు చేరింది. "నేనూ వాస్తు చూపించుకున్నానమ్మా. నాకు వెనకసందు బాగా కలిసొస్తుందన్నారు" అని పకపకా నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

కొత్త గేటు దగ్గర కూడా ఆ కేకలు విన్న తల్లిదండ్రులు స్కూలువాళ్ళను నిలదీయడం మొదలుపెట్టారు. సోషల్ సార్ పద్ధతి ఆ స్కూల్లో ఎలా ఆగిందో ఇప్పుడు తెలిసింది కదా. ఫ్లెక్సీలో అది రాయలేదు.

నేను ఆమె ట్యూషన్లో చేరాను, ఎప్పుడూ ఆమెకు ఎడమ పక్కన కూర్చునేదాన్ని, నా మంచి చెవి ఆమె వైపు ఉండేలా. భర్త బ్యాంకు బదిలీల వల్ల ఆమె చాలా ఊళ్ళ బళ్ళు చూశారు. "మా నాన్న రోజుల్లో మావైపు పిల్లల్ని తాడుకి వేలాడదీసి కోదండం అనేవారు. నాగపూర్లో చెవులు పట్టించి కోడిపుంజులా వంచేవారు. ఇక్కడ గోడకుర్చీ. ఊరికో ముద్దుపేరమ్మా. ముద్దుపేరు పెట్టాక దెబ్బ దెబ్బలా కనపడదు" అనేవారు. పిల్లలు పిల్లల్ని ఏడిపించడమూ అంతేనట. ఒకచోట కులం, ఒకచోట రంగు, ఒకచోట టిఫిన్ డబ్బాలో కూర, ఇక్కడ యాస. మస్కట్‌లో ఉన్న ఆమె చెల్లెలి మనవరాలిని ఎవరూ చెయ్యెత్తి కొట్టలేదు. తలకు నూనె రాసుకొస్తుందని పక్కన కూర్చోవడం మానేశారంతే. ఆ పిల్ల ఏడాదిపాటు ఒక్కతే అన్నం తిందని చెబుతూ టీచర్ చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ఈమధ్య అయితే, "ఇప్పుడు చేతులతో కొట్టడం మానేశారమ్మా, ఫోన్లతో కొడుతున్నారు. అది నా బాల్కనీలోంచి కనపడదు" అని దిగులుపడేవారు.

మా అమ్మకు నా కోపమంటే భయం. "మాఫ్ జెయ్యాలె బిడ్డా. పగ వెట్టుకుంటె మనకే మంచిది గాదు" అని మందలిస్తూనే ఉంటుంది. ఒకసారి టీచర్ ముందే అంది. టీచర్ అమ్మ చెయ్యి పట్టుకుని, "క్షమించమని మీ దేవుడూ చెప్పాడు, మా దేవుడూ చెప్పాడు వదినగారూ. కాదనను. కానీ వాళ్ళు వచ్చి అడగాలి కదా? అడక్కముందే ఇచ్చేస్తే దాన్ని క్షమ అనరు, పారేసుకోవడం అంటారు" అన్నారు. ఆ మాట పట్టుకునే నేను ఇన్నాళ్ళూ నిలబడ్డాను.

నన్ను కొట్టిన అబ్బాయి గురించి మాత్రం ఆమె వేరేగా చెప్పేవారు. "చెయ్యి వాడిది. నోరు సార్‌ది. నాలుగు గోడలూ కరస్పాండెంట్‌వి. లెక్క తప్పి అంతా చేతి మీదే వేసేయకు."

సంతాపసభ స్కూలు హాల్లోనే పెట్టారు. నేను వెళ్తానంటే మా ఆయన, "పోయినోళ్ల ముంగట లొల్లి ఎందుకే" అన్నాడు. వెళ్ళాను. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా, ఒక్కొక్కరూ లేచి టీచర్‌ను ఆకాశానికెత్తుతున్నారు. సోషల్ సార్ ఎప్పుడో పోయాడట, ఆ బాకీ నాకు తీరనే లేదు. ఫస్ట్ ర్యాంకు అబ్బాయి వచ్చాడు, బట్టతలతో. నా ఎడమ పక్క కుర్చీలో కూర్చుని తల వంచుకుని ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. కుడి చెవి అటు తిప్పి, "ఏమన్నవ్?" అన్నాను. "ఏం లేదు" అన్నాడు. ఏమన్నాడో నేను ఊహించగలను. ఊహించను. అడిగేవాడు వినపడేటట్టు అడగాలి.

అప్పుడు కరస్పాండెంట్ సార్ మైకు అందుకున్నాడు. ఫోటోకి దండ వేసి, కళ్ళు తుడుచుకుని, "ఆవిడ మా కుటుంబంలో మనిషి. ఆరోగ్యం సహకరించక మానేశారు గానీ, మనసెప్పుడూ ఈ బడి మీదే ఉండేది" అన్నాడు.

నేను లేచాను.

"సార్, జర గట్టిగ చెప్పుండ్రి. నాకు ఎడమ చెవి ఇనపడది. మీ స్కూల్లనే పోయింది."

ఆయనకు నేనెవరో గుర్తొచ్చిందని మొహమే చెప్పింది.

"టీచర్‌కు ఏం రోగం వచ్చిందో గూడ చెప్పుండ్రి. ఆమెను మీరెందుకు తీసేసిన్రో చెప్పుండ్రి."

"ఇది సందర్భం కాదమ్మా" అన్నాడు.

"సందర్భం వెట్టింది మీరే గద సార్."

ఆ యాసలోనే, ఆ గోడల మధ్యే, ఆ పొద్దు ఏం జరిగిందో మొత్తం చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా ఎడమ పక్క కుర్చీలోంచి అతను లేచి, "కొట్టింది నేనే. సార్ కొట్టమంటే కొట్టాను" అన్నాడు, అందరికీ వినపడేలా. కరస్పాండెంట్ సార్ మైకు బల్ల మీద పెట్టేశాడు. టీచర్ కూతురు లేచి వెళ్ళి దండ తీసి పక్కన పెట్టి, తల్లి ఫోటో చంకన పెట్టుకుంది. "మా అమ్మకి ఇక్కడ పనైపోయిందండీ" అని చెప్పి బయటికి నడిచింది. నేను ఆమె వెనకే వచ్చేశాను.

మనసు తేలికపడిందా అని అమ్మ అడిగింది. పడలేదు. తీపిగా ఉంది. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు?

పెద్దకర్మ అయ్యాక, టీచర్ సామాను సర్దడానికి సాయం వెళ్ళాను. గిన్నెలు అట్టపెట్టెల్లో పెడుతుంటే వెనకసందులో చివరి గంట మోగింది. ఆలోచించకుండానే బాల్కనీలోకి వచ్చి, ఆమె చేతులు ఆనించి ఆనించి రంగుపోయిన కమ్మీ మీద చేతులు ఆనించి నిలబడ్డాను. కింద పిల్లలు గేట్లోంచి బిలబిలా వస్తున్నారు. వాళ్ళలో కొందరు అలవాటుగా పైకి చూసి, కొత్త మొహం కనపడి ఆగారు. వాళ్ళ వెనకే కరస్పాండెంట్ సార్ కారు దగ్గరికి వచ్చాడు. ఇంక భయం లేదనుకున్నాడేమో, నింపాదిగా నడుస్తున్నాడు. పిల్లలు ఎటు చూస్తున్నారో చూసి తనూ తల ఎత్తాడు.

లోపలినుంచి టీచర్ కూతురు, "ఇంటివాళ్ళు టూలెట్ బోర్డు పెట్టమంటున్నారమ్మా, పెట్టేయనా?" అని అడిగింది.

"వద్దక్కా, నేనే ఉంటా" అన్నాను, కళ్ళు ఆయన మీదనుంచి తీయకుండా.