మా నాయన కాళ్లలో బలం

మా నాయనకు కాళ్లలో బలం పోయిందన్న సంగతి ఊరికి తెలియకూడదని మా ఇంట్లో కట్టడి. కొట్లాటలున్న ఇండ్లలో మొగోడి జబ్బు బయటికి చెప్పుకోరు. చెబితే అవతలివాళ్లకు పండగ. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో ఆయన నాలుగేండ్లు గడప దాటలేదు. బాంబుల భయానికి కిటికీ రెక్క కూడా తీయనిచ్చేవాడు కాదు. ఒకప్పుడు పొద్దుకూకేదాకా చేలో తిరిగిన మనిషి, చివరికి మంచం పట్టె ఆసరా లేకుండా లేవలేని స్థితికి వచ్చాడు.

నేను ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో గుమాస్తాను. కారు వెనక సీట్లో దుప్పటి కప్పి ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు తల పట్టుకున్నాడు.

"డి విటమిను అడుగంటింది పెద్దాయనా. వారానికొక పొట్లం పాలల్లో కలుపుకొని తాగు. ఒట్టి మందుతో బలం రాదు. పొద్దున ఎండలో నడవాల, కుర్చీలో నుంచి పదిమార్లు లేసి కూసోవాల."

బయటికొచ్చాక నాయన నవ్వాడు. "ఎండలోకి పోతే కాళ్లుంటాయేమో గానీ తలకాయ ఉండదని ఆయప్పకు యాడ తెలుస్తాదిరా!"

ఆ నెలలోనే రాజీ మాట వచ్చింది. ఎలక్షన్లు దగ్గరపడ్డాయి, రెండు వర్గాలూ ఒకే పార్టీలో చేరాయి, ఇంక కొట్టుకుంటే పార్టీకి నష్టమట. మనుషులు పోయినప్పుడు లేని నష్టం! ఏదైతేనేం, రాజీ అయితే మా అన్న ఇంటికొస్తాడు. వాడు నాలుగేండ్లుగా తొండూరు పక్కన బంధువుల తోటలో తలదాచుకున్నాడు. అమ్మకు గుండెజబ్బు. "పెద్దోన్ని ఒక్కసారి కండ్లారా సూస్తే సాలు" అని పొద్దస్తమానం అదే పాట.

మా ప్రాంతంలో రాజీకి ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎత్తు, ఎవరు పల్లం అనే పేచీ రాకుండా కుర్చీలు వేయరు, అందరూ జంపఖానా మీదే కూర్చుంటారు. మాటలయ్యాక రెండువైపుల పెద్దలూ ఎవరంతట వాళ్లు లేచి నిలబడి తాంబూలం మార్చుకోవాలి. లేవకపోతే రాజీకి ఒప్పుకోనట్టే. మావైపు పెద్ద మా నాయనే.

"నాయనా, కాళ్లు బాగలేవని ముందే చెప్పి పంపుదాం" అన్నాను.

"నోరు ముయ్యి. ఇంగా పదైదు దినాలుంది. లేస్తా."

లేవడానికి ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, వారానికొకటి తాగాల్సిన పొట్లాన్ని రోజుకొకటి తాగడం. ఎరువు ఎక్కువైతే పైరు మాడుతుందని ఊరందరికీ చెప్పిన మనిషే! ఎలుకలు కొట్టేసినాయంటే నమ్మి ఇంకో డబ్బా తెచ్చిచ్చిన వెధవను నేను. లేచి కూర్చోవడం మాత్రం ఒక్కరోజూ చేయలేదు. "నేనేమన్నా బడిపిల్లోన్నా?" అనేవాడు. రాజీ నాటికి కడుపులో తిప్పు, ఆగని దాహం, అన్నం సయించదు. మందు ఎక్కువయ్యో, అసలే కండ లేకనో, ఉన్న సత్తువ కూడా జారిపోయింది.

జమ్మలమడుగులో ఒక కల్యాణమండపంలో కూర్చున్నారు. ఎవరూ రాకముందే నాయన్ను నేను తీసుకుపోయి జంపఖానా మీద కూర్చోబెట్టాను. మాటలన్నీ సాఫీగా సాగాయి. అవతలి పెద్దాయన అమ్మకు వరసకు అన్న, నాకు మామ. ఆయన తమలపాకులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. మా నాయన రెండు అరచేతులూ జంపఖానాకు ఆనించాడు. భుజాలు వణికాయి, నడుము లేవలేదు. వెనకే కూర్చున్న నేను చంకలో చెయ్యి వేయబోతే, "తాకితే సంపుతా" అన్నాడు పండ్ల సందున. తర్వాత చేతులు తీసి రొమ్ము మీద కట్టుకుని, లేవడం ఇష్టం లేనివాడిలా కూర్చున్నాడు.

"ఏం బావా, ఇంతమందిలో అవమానం చేస్తాండావా?" అన్నాడు మామ.

"అట్లనే అనుకో."

నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. నాకూ పరువే అడ్డమొచ్చింది, థూ! వాళ్లు ఆకులు విసిరేసి వెళ్లిపోయారు.

అన్న రాలేదు. ఆ ఎండాకాలమే అమ్మ పోయింది. దారి కాస్తారని భయపడి, మట్టి వేయడానికి కూడా వాణ్ణి మేమే రావద్దన్నాం. నాయన ఇంకో రెండేండ్లు మంచంలోనే ఉండి కన్నుమూశాడు.

చాలా ఏండ్లకు, గొడవలు చల్లారాక, మామ తన మనవరాలి పెండ్లిబట్టల కోసం మా అంగడికి వచ్చాడు. మెట్ల దగ్గర ఆగి, "అల్లుడూ, కాళ్లు పట్టేసినాయి, రోంత చెయ్యియ్యప్పా" అని నలుగురిలో అడిగాడు. ఇంత సులువా ఈ మాట అనడం! ఆయన్ను ఎక్కించి కూర్చోబెట్టి చెప్పేశాను.

"ఆ పొద్దు మా నాయన లేవనని కాదు మామా. లేవలేకపోయినాడు."

ఆయన నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ మాట ఆ పొద్దే అనింటే నేనే వంగి లేపుకుందు గదరా! మీ యమ్మ నాకు చెల్లెలు గదరా!"