చెబితే గుణం పోయే పళ్లపొడి

1979లో నేను చిత్తూరు జిల్లాలో పరిశ్రమల ఎక్స్‌టెన్షన్ ఆఫీసరుగా ఉండేవాణ్ణి. ఊరూరా తిరిగి చిన్న వ్యాపారాలను చూడడం, రేపు కష్టం వస్తే తట్టుకోగలవా లేవా అని అంచనా వేయడం, తగినవాటికి బ్యాంకు అప్పు సిఫారసు చేయడం నా ఉద్యోగం. మా శిక్షణలో ‘కీ మ్యాన్’ అనే మాట ఒకటి నేర్పారు. ఏ ఒక్క మనిషి మంచాన పడితే మొత్తం పని ఆగిపోతుందో అతను కీ మ్యాన్. అలాంటి వ్యాపారం ఎంత లాభంలో ఉన్నా దాని కింద నేల లేనట్టేనని మాకు పాఠం చెప్పినాయన అనేవాడు. ఆ మాటకు అర్థం నాకు పూతలపట్టులో తెలిసింది.

చిత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సులు ఆగే కూడలి అది. బస్సు ఆగగానే కిటికీల్లోంచి చేతులు చాపి జనం అడిగే సరుకుల్లో మునిరత్నం శెట్టి పళ్లపొడి ఒకటి. కొండకు పోయేవాళ్లు పోతూ ఒక పొట్లం, వస్తూ ఇంటికి నాలుగు కొనేవారు. ట్యూబుల్లో పేస్టు పల్లెలదాకా వస్తున్న రోజులవి. దాన్ని ఎదుర్కోవాలంటే సరుకు పెంచాలని, రోకళ్ల బదులు పల్వరైజర్, అంటే మూలికలను మెత్తగా పొడిచేసే యంత్రం, పెట్టాలని శెట్టి అప్పు అడిగాడు. ముందుచూపున్న మనిషే.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన కూతురు వనజ కరక్కాయలు వేయించి, ఉప్పు మాడ్చి, పొడి జల్లిస్తోంది. పెళ్లైన కొత్తల్లోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. పొట్లాలు కట్టేదాకా అన్ని పనులూ ఆమెవే. ఒక్క కలపడం తప్ప. అది మాత్రం శెట్టి లోపలి గదిలో తలుపు గడియ పెట్టుకుని చేసేవాడు.

“మీ తర్వాత ఎవరు కలుపుతారు శెట్టిగారూ?” అని అడిగాను.

“నేనుండాను గదా సార్. నాకేమొచ్చింది?”

“రేపు ఏదైనా వస్తే?”

“ఏంది సార్, ఇంకా బోణీ గూడా కాలే, ఆ మాటంటాండారు!” అని నవ్వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఇది సెప్పకూడదు సార్. సెప్తే గుణం పోతాది. మా నాయన కన్నుమూసే ముందర నా సెవిలో సెప్పినాడు. నేనూ ఆ పొద్దుకు నా కొడుక్కి సెప్తా” అన్నాడు.

“మీ నాయన మీకు చెప్పినప్పుడు గుణం పోలేదా మరి?”

శెట్టి తల గోక్కున్నాడు. “గవుర్మెంటోళ్లు, మాటల్లో మిమ్మల్ని గెలుస్తామా అప్పా! కొడుక్కయితే సెప్పొచ్చు. ఆడబిడ్డ సెవిలో ఏస్తే అది ఇంకో ఇంటికి పోతాది.”

జల్లెడ ఆపకుండానే వనజ అంది: “నన్నింకెవరు తీసుకపోతారు నాయనా? నేను యాడికి పోతా, నీ గుణం యాడికి పోతాది? రెండూ ఈడే పడుండాము గదా.”

శెట్టి కట్టిన పొట్లాలు లెక్కపెట్టుకోసాగాడు.

ఈ దేశంలో ఎన్ని విద్యలు ఇలా శ్మశానానికి నడిచి వెళ్లాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పంచితే తరిగేది బియ్యం. తెలివి పంచితే తరుగుతుందని ఎవడు చెప్పాడు? చెప్పకుండా దాచిన ప్రతి తాతా తన మనవడి నోటి దగ్గరి ముద్దను మట్టిలో కలిపాడు. పైగా ఆ పద్ధతి ఎంత అమాయకమైనదో చూడండి. చావు కబురుపెట్టి వస్తుందనీ, చెప్పడానికి నోరు, వినడానికి కొడుకు ఆ వేళకు సిద్ధంగా ఉంటారనీ దాని లెక్క.

అయినా గిరాకీ చూసి నేనే సిఫారసు రాశాను. అప్పు వచ్చింది. యంత్రం వచ్చింది. శెట్టికి పక్షవాతమూ వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మిగిలింది ఒక్కటే మాట, “అది”. మంచినీళ్లకూ అదే, దుప్పటికీ అదే. రాయడం ఆయనకు ముందునుంచీ సంతకం వరకే వచ్చు. ఆ చేయి కూడా ఇప్పుడు లేదు. నేను చూడబోయినప్పుడు ఆయన నా చొక్కా పట్టుకుని గది వైపు చూపిస్తూ “అది, అది” అని ఏడ్చాడు. చెప్పాలన్న కోరిక అప్పుడు వచ్చింది పాపం.

గది తెరిచిన వనజ తలపట్టుకుంది. గూళ్లనిండా డబ్బాలే. ఎవరూ పసిగట్టకూడదని శెట్టి చిత్తూరు అంగళ్లలో పనికిరాని మూలికలు కూడా కొనుక్కొచ్చి పెట్టేవాడట. ఊరిని మోసం చేయడానికి పెట్టిన డబ్బాలు. వాటిలో ఏది అసలు, ఏది ఉత్తది? ఒక్కో డబ్బా తెచ్చి చూపిస్తే ఆయన అన్నిటికీ “అది” అనేవాడు. అన్నిటికీ తల ఊపేవాడు.

శెట్టి కొడుకు గోపాలు చిత్తూరులో లారీ ఆఫీసు గుమాస్తా. వచ్చి చూసి, “మిషనమ్మేసి బ్యాంకోళ్లకు కట్టేద్దామక్కా. నాయన్ను నేను సూసుకుంటా. నువ్వు మీ అత్తోళ్లింటికి పో” అన్నాడు. అత్తవారింట్లో ఆమెకు గడప లోపలికి చోటు లేదని అతనికీ తెలుసు.

వనజ పోలేదు. కొంచెం కొంచెంగా కలిపి, తండ్రి చిగుళ్లకు రాసి చూసేది. ఆయన ఉమ్మేసేవాడు. మాట చచ్చినా నాలుక చావలేదు. మళ్లీ కలిపేది. మళ్లీ ఉమ్మేవాడు. బస్సుల దగ్గర ఆ పొడిని అడిగే చేతులు తగ్గిపోయాయి. ఒక ఎండాకాలం పొద్దున ఆయన ఉమ్మలేదు. కళ్లు మూసుకుని చప్పరించి, ఎడమచేత్తో కూతురి తల నిమిరాడట. ఆ సంగతి తర్వాత ఆమే నాకు చెప్పింది.

పొడి మళ్లీ కూడలికి వచ్చింది. దాని వెనకే గోపాలూ భార్యతో ఇంటికి వచ్చి చేరాడు. నాకు సంతోషంతో కాలు నిలవలేదు. పని చేసే ఇద్దరు ఆడవాళ్లకు కలపడం నేర్పమని, తమ్ముడి భార్యకూ చెప్పి ఉంచమని చెప్పడానికే పూతలపట్టు వెళ్లాను.

వనజ నవ్వింది. “సెప్తే గుణం పోతాది సార్.”

నేను నిర్ఘాంతపోయాను. “అమ్మా, నువ్వు కూడానా? మీ నాయన చెప్పకపోబట్టే కదా...”

“ఆ మాట నేను నమ్ముతానా సార్?” అంది చేతులు దులుపుకుంటూ. “ఇల్లు తమ్మునిది. మిషన్ నాయన పేరు మీద ఉండాది, రేపు అదీ వానిదే. ఇదొకటి నా తలకాయలో ఉండబట్టి గదా, ‘అక్కా, కాపీ తాగితివా’ అని పొద్దున్నే అడగతాండాడు! ఇదీ సెప్పేస్తే నన్నెవురు అడగతారు? మీరడగతారా?”

మూఢనమ్మకానికి నా దగ్గర ఎన్ని జవాబులైనా ఉన్నాయి. ఎన్నో సభల్లో చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఈమెది మూఢనమ్మకం కాదు, లెక్క.

ఆమె లోపలికి వెళ్లి తలుపు గడియ పెట్టుకుంది. పూర్వం ఆమె కూర్చునే చోట, జల్లెడ పక్కన, నేను నిలబడ్డాను. లోపల డబ్బాల చప్పుడు. వసారాలో మంచం మీంచి శెట్టి ఆ తలుపు వైపే చూస్తూ, “అది... అది...” అంటున్నాడు.

వ్యాపారాన్ని రేపటికి సిద్ధం చేయడమంటే యంత్రాలు తేవడం, విద్య పంచడం అనుకున్నాను. పంచినవాడికి రేపు కూడు ఉంటుందన్న హామీ అంతకంటే ముందు కావాలి. అది లేనిచోట ఎంత తెలివైనవాళ్లయినా గడియే పెట్టుకుంటారు. పూతలపట్టులో కీ మ్యాన్ మారాడు, అంతే. కింద నేల మాత్రం రాలేదు.