రాచ్చిప్పకు యంత్రస్నానం

మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి వ్యక్తిని నేను. మా వంశంలో పులుసు చేత నురగ కక్కించిన మొదటి వ్యక్తినీ నేనే. మొదటి సంగతి బంధువులెవరికీ గుర్తులేదు. రెండోది మాత్రం కొత్త చుట్టాలకు నన్ను పరిచయం చేసేటప్పుడు కూడా చెబుతారు. ఇదేం న్యాయం? జరిగిన ఘోరం విని మీరే తీర్పు చెప్పండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కువైత్‌లో కారు నడిపే మా చిన్నాయన, యజమాని వదిలేసిన గిన్నెలు కడిగే యంత్రాన్ని బద్వేలుకు పంపించాడు. అమ్మ చేతుల కోసమే పంపాడు. తోమి తోమి ఆ చేతులు వాన ఎరుగని రేగడి చేనులా నెర్రెలు విచ్చి ఉండేవి. వాటికి విశ్రాంతి ఇప్పించడమే నా ఆశయం. ఆశయంలో దోషం లేదని ఇప్పటికీ వాదిస్తాను.

యంత్రంతో వచ్చిన పుస్తకంలో సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. ఇంగ్లీషు సగాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. మా బోరునీళ్లలోని సున్నం గిన్నెల మీద తెల్లమచ్చలు కట్టకుండా అడుగు అరలో ఉప్పు పోయాలట. పోస్తుంటే అవ్వ పట్టుకుంది.

“గిన్నెలకు ఉప్పెందుకే? ఊరగాయ పెడతాండావా?”

“గట్టి నీళ్లను మెత్తబరచడానికి అవ్వా.”

“నీళ్లు గట్టిగా ఉండాయా? ఇన్నేండ్లూ నేను నమిలి తాగినానా?”

శాస్త్రాన్ని ఇంతగా అవమానించిన ఇల్లు జిల్లాలో మరొకటి ఉండదు. అంతటితో ఆగిందా? “ఎంగిలి తట్టలూ వండే గిన్నెలూ ఒకే పెట్టెలోనా? నా పానం ఉండగా జరగదు!” అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నిజానికి ఆ రోజు కంచాలు మాత్రమే కడగాలనుకున్నాను. అవ్వ ఆచారాన్ని గౌరవించి, ముందు వంటపాత్రలను విడిగా కడుగుతానని ఒప్పుకున్నాను. గౌరవమే నా కొంప ముంచింది. ఆ వంటపాత్రల్లోనే ఉంది రాచ్చిప్ప.

రాచ్చిప్ప అంటే అవ్వ కాపురానికి వస్తూ తెచ్చుకున్న రాతిగిన్నె. ఏళ్ల తరబడి నూనె, చింతపండు రసం తాగి నల్లగా నిగనిగలాడేది. మా ఇంటి పులుసు రుచంతా అందులోనే ఉండేది.

“అది వద్దు పాపా, దానికి సబ్బు తగలగూడదు,” అంది అమ్మ.

“ఎందుకు?”

“తగలగూడదంతే.”

అదొక కారణమా? పుస్తకం మళ్లీ తిరగేశాను. కొయ్య గరిటెలు పెట్టరాదు, అల్యూమినియం పెట్టరాదు, పూలు అద్దిన పింగాణీ పెట్టరాదు అని ఉంది. రాచ్చిప్ప ఊసే లేదు! రాసిన మహానుభావుడు జన్మలో సంగటి, పులుసు తిని ఉండడు. ఆయన అజ్ఞానానికి నేను బాధ్యురాలినా?

కడిగి తీస్తే రాచ్చిప్ప పరీక్ష తప్పినవాడి మొహంలా తెల్లబోయి ఉంది. “చూశారా, ఎంత శుభ్రమో!” అన్నాను గర్వంగా.

మర్నాడు ఒంటిమిట్ట తిరునాళ్లకు పోతూ పత్తికొండ నుంచి పెదనాయన మా ఇంట్లో దిగాడు. దేవుడి మీద ఎంత భక్తో మా వంకాయ పులుసు మీదా అంతే. “పెద్దోడు మెచ్చుకుంటే పెట్టె ఉంటాది. ల్యాకుంటే కువైతుకే పోతాది,” అని అవ్వ ప్రకటించింది. పొయ్యి మీద రాచ్చిప్పలో పులుసు ఉడుకుతూ బుసబుస నురగ కట్టింది. చింతపండు గుణం అలాంటిదని అందరికీ సర్దిచెప్పాను.

పెదనాయన సంగటి ముద్దను పులుసులో అద్ది నోట పెట్టుకున్నాడు. కళ్లు పెద్దవయ్యాయి. దవడలు ఆగాయి.

“ఎట్లుండాది పెదనాయనా?”

“శానా శుభ్రంగా ఉండాది పాపా. గుడికి పోయేముందు మళ్లా స్నానం చేసే పని ల్యా. లోపల గూడా అయిపాయ.”

అవ్వ లేచింది. “చదవేస్తే ఉన్న మతి పాయ అంటారు. ఈమె చదివితే ఇంటిల్లిపాదికీ నాలికలే పాయ!”

తీర్పు వెంటనే వచ్చింది. యంత్రానికి దుప్పటి కప్పారు. రాతిలో ఇంకిన సబ్బు వదిలి పాత రుచి వచ్చేదాకా, రోజూ గంజి కాచి, నూనె పట్టించి రాచ్చిప్పను మచ్చిక చేసుకోవాల్సింది నేను. అంతవరకూ ఇంట్లోని గిన్నెలన్నీ తోమాల్సిందీ నేనే. డిగ్రీ పట్టా పట్టుకున్న చేతులతో! రాయికి పగ ఎక్కువని అప్పుడే తెలిసింది. వేసవి పోయింది, వానలు వచ్చాయి, రుచి రాలేదు.

ఒకనాడు చిన్నాయన ఫోను చేసి వదినె చేతులు బాగయ్యాయా అని అడిగాడు. అమ్మ నున్నబడ్డ చేత్తో ఫోను పట్టుకుని, తొట్టి దగ్గర మసి తోముతున్న నన్ను చూస్తూ అంది: “శానా బాగయినాయి నాయనా. ఇంట్లో మంచి యంత్రమే ఉండాది.”

“ఉప్పు గూడా అడగదని చెప్పు!” అంది లోపలి నుంచి అవ్వ.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. రాచ్చిప్ప కడగనేల, ఇంటెడు గిన్నెలు తోమనేల అంటాను నేను. కనుక, నెర్రెలు విచ్చిన ఈ పది వేళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అమ్మ “వద్దంతే” అన్న ఏ పాత్రనూ ఇక జన్మలో యంత్రంలో పెట్టను. ఆ పుస్తకం రాసినవాడు ఎదురుపడితే మాత్రం, ఆ రోజు పులుసు ఒక గిన్నెడు తాగించక వదలను.