గురువు అడుగు

దేవరకొండ వైపు ఇంకా బోరింగులు రాని రోజులు. ఏటా ఎండాకాలం మా పల్లెకొచ్చి చెక్క చిరుతలు కొడుతూ ఆడే చిరుతల రామాయణం నేర్పే గురువుకు, మేం పిల్లలం కొత్తగా చేరిన ఏడాదే నారికురుపు లేచింది. అంతా మా దిగుడుబావి నీళ్ళ పుణ్యం. మడమలోంచి పురుగు తెల్లదారంలా వేలాడుతున్నా ఆయన అడుగులు వేసి చూపించాడు. గొర్రెలు కాసేవాళ్ళం, ముందున్నది ఎటు పోతే అటు పోవడమే మాకు తెలుసు. ఆయన ఎడమకాలు ఈడిస్తే మేమూ ఈడ్చాం.

ఆట నాటికి ఆ కాలు నల్లబడింది. ఆయన్ని మంచంమీద మోసుకొచ్చారు. మేం పిల్లలం వేషం కట్టిన వానరసేన మొత్తం కుంటుతూ ఆటలోకి దిగింది. ఊరు చప్పట్లు కొట్టింది.

"గది అడుగు గాదు బిడ్డా, నా నొప్పి" అన్నాడాయన.

అసలు అడుగు చూపించడానికి మళ్ళీ లేవలేదు. మా ఊరి వానరసేన ఇప్పటికీ కుంటుతూనే దిగుతుంది. గురువు అడుగని దానికి పేరు.