తీసియాస్ తట్టిన స్తంభం

మా హేరా అమ్మవారి గుడి స్తంభాల్లో ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకటి లావు, పక్కది సన్నం. ఒకదాని నెత్తిన రాతి దిమ్మ అట్లపెనంలా పరుచుకుంటే, ఇంకోదాని నెత్తిన నిక్కబొడుచుకుని ఉంటుంది. కొరింథు నుంచి వచ్చిన వర్తకుడొకడు చూసి పగలబడి నవ్వాడు. నవ్వితే నవ్వాడు, వాడికేం తెలుసు? మా గుడి పుట్టినప్పుడు స్తంభాలన్నీ ఓక్ మానులే. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో మాను ఇచ్చారు. మాను పుచ్చినప్పుడల్లా దాన్ని తీసేసి, స్తోమతున్న ఇంటివాళ్లు ఆ చోట రాతిది నిలబెడుతూ వచ్చారు. ఎవరి కాలంలో ఏ వాడుక ఉంటే ఆ తీరున చెక్కించారు. పండగనాడు ఎవరి స్తంభం కింద వాళ్లు కూర్చుంటారు. బలి మాంసం అక్కడే తింటారు, పిల్లల సంబంధాలు అక్కడే మాట్లాడుకుంటారు. స్తంభం పోయిందంటే ఊళ్లో ఆ ఇంటి చోటు పోయినట్టే.

పుచ్చిందో లేదో చెప్పేది గుడి వడ్రంగి. ప్రతి వసంతంలో, పండగకు ముందు, పూజారిణీ పెద్దలూ చూస్తుండగా అతను కర్ర స్తంభాలను సుత్తితో తట్టి, చెవి ఆనించి వింటాడు. తర్వాత స్తంభం మీద చెయ్యి వేసి, అమ్మవారు వినేలా ఒక్క మాట చెబుతాడు. ఆ మాటకు తిరుగు లేదు. మళ్లీ తట్టి చూడమంటే అమ్మవారి చెవిని అనుమానించినట్టే.

ఆ సుత్తి తండ్రి నుంచి తీసియాస్‌కు వచ్చింది. పనిలో చెయ్యి మంచిది, మనసే కాస్త ఉడుకు. వాళ్లింటి స్తంభం గుడి వెనకాల ఉండేది, ఉత్తరపు గాలీ వానా కొట్టే మూల. అతని ప్రాణస్నేహితుడు ఎకెమస్ తేనెపట్లు పెంచేవాడు. ఆ ఇంటి స్తంభం గుడి గుమ్మానికి కుడిపక్కన, బలిపీఠానికి ఎదురుగా ఉండేది. ఊళ్లో అంతకు మించిన చోటు లేదు.

ఒక పెళ్లి విందులో ద్రాక్షసారా నాలుగు గుక్కలు లోపలికి పోయాక ఎకెమస్ అన్నాడు: "మా స్తంభానికి పొద్దున్నే సూర్యుడొచ్చి దణ్ణం పెడతాడర్రా. మా తీసియాస్ స్తంభం దగ్గరికి కుక్కలొచ్చి కాలెత్తుతాయి!"

అందరూ పడీ పడీ నవ్వారు. తీసియాస్ కూడా నవ్వాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. నవ్వకుండా నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ పూటతో పోయేది. ఆ మాటను అతను ఇంటికి మోసుకెళ్లాడు, చలికాలమంతా దాచుకున్నాడు.

వసంతం వచ్చింది. తీసియాస్ ఎకెమస్ వాళ్ల స్తంభాన్ని తట్టాడు. గట్టి మాను, ఖంగున పలికింది. చెయ్యి వేసి తీసియాస్ అన్నాడు: "పుచ్చింది."

ఎందుకన్నాడో ఆ క్షణాన అతనికే తెలియదు. స్నేహితుడి మొహం పాలిపోతే చూద్దామనుకున్నాడేమో. ఎకెమస్ మొహం పాలిపోయింది కూడా.

"ఒరేయ్, సరిగ్గా విన్నావా?"

"విన్నాను."

అంతే. ఎకెమస్ ఇంటికి రాతి స్తంభం ఎత్తే స్తోమత లేదు. గుడి ముందు చోటు కోసం ఎప్పటినుంచో కాచుక్కూర్చున్న దామోన్ ఇంటివాళ్లు మర్నాడే ఎడ్లను రాళ్ల గనికి తోలారు. దూలం కింద ఆసరా కర్రలు పెట్టి, మేకులు దిగ్గొట్టి, ఆ మానును ఊడదీసే పని వడ్రంగిదే కాబట్టి తీసియాసే చేశాడు. ఖాళీ అయిన చోట రాతి దిమ్మలు ఒకదాని మీద ఒకటి లేచాయి.

తీసేసిన మాను అమ్మవారిది, ఏ ఇంటికీ పోకూడదు. పండగనాడు బలిపీఠం మీద కట్టెలుగా కాలుస్తారు. పుచ్చుకర్ర గడ్డిలా భగ్గుమని ఆరిపోతుంది. ఇది సాయంత్రమైనా కాలుతూనే ఉంది. తెల్లారి చూస్తే బూడిద కింద నిప్పులు ఇంకా కణకణలాడుతున్నాయి. ఎకెమస్ వచ్చి ఆ నిప్పుల్ని చూశాడు. తీసియాస్ వైపు చూశాడు. కొండ దిగి వెళ్లిపోయాడు. మరుసటి పండగకు పెళ్లాం పిల్లలతో గుడి మెట్ల కిందే ఎండలో కూర్చున్నాడు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక రావడమే మానేశారు. అతనొక్కడూ వచ్చేవాడు, అక్కడే కూర్చునేవాడు.

తీసియాస్‌కు ఆ రోజు నుంచి తిన్న రొట్టె ఒంటికి పట్టలేదు. ఎకెమస్ కూతురి పెళ్లికి మంచి తలుపులు చేసి పంపాడు. తలుపులు తిరిగొచ్చాయి. వాటితో ఒక తేనె ముంత కూడా వచ్చింది, చేసినవాడి కూలి కింద. ఆ ముంతను చూసి అతను పెరట్లోకి పోయి ఏడ్చాడు.

"పోయి చెప్పెయ్యవయ్యా," అనేది అతని భార్య నికాసో.

"చెబితే మాను లేచొస్తుందా?"

"మాను రాదు. నీకు నిద్రన్నా వస్తుంది."

నికాసో కాలం చేసింది. తీసియాస్ ముసలివాడయ్యాడు. కర్ర స్తంభాలన్నీ ఒక్కొక్కటే రాళ్లయిపోయాయి, చివరికి అతని ఇంటిదొక్కటే మిగిలింది. ఒకప్పుడు కుక్కల పాలైన స్తంభాన్ని ఊరివాళ్లు ఇప్పుడు వచ్చేపోయేవాళ్లకు చూపించి మురిసిపోతున్నారు.

ఈ ఏడు తట్టడానికి ముందురోజు అతను ఒక్కడే వెళ్లి తన స్తంభాన్ని తట్టి చూసుకున్నాడు. బొద్దుమంది. లోపల డొల్ల. ఇంకోచోట తట్టాడు. బొద్దుమంది. సుత్తి పట్టుకుని అటునుంచి అటే ఎకెమస్ తేనెపట్ల దగ్గరికి నడిచాడు.

"ఎకెమస్, ఆ వేళ మీ మాను..."

"తెలుసు. కాలుతుంటే చూశాగా."

"తప్పు చేశానురా."

ఎకెమస్ చేతిమీద వాలిన తేనెటీగను ఊది పంపాడు.

"రేపు సుత్తి నువ్వు పట్టు," అన్నాడు తీసియాస్. "మా స్తంభం మీద మాట నీది. ఏదైనా సరే."

"పుచ్చిందా?"

"నువ్వే విను."

మర్నాడు ఎకెమస్ మెట్లెక్కాడు. పడుచువాడిగా దిగిన మెట్లు, కర్ర ఊతంతో ఎక్కాడు. పెద్దలు గుసగుసలాడుకున్నారు గానీ, సుత్తి ఎవరికివ్వాలో వడ్రంగి ఇష్టం, ఎవరూ అడ్డు చెప్పలేదు. అతను తట్టాడు. బొద్దుమంది. చెవి ఆనించి మళ్లీ తట్టాడు. తీసియాస్ కళ్లు మూసుకున్నాడు. పుచ్చిందన్న మాట పడితే తన మానూ కాలుతుంది, తనూ మెట్ల కింద కూర్చుంటాడు. ఇన్నాళ్ల బరువు దిగుతుంది. ఆ మాట కోసం అతని ప్రాణం కొట్టుకుంది.

ఎకెమస్ స్తంభం మీద చెయ్యి వేశాడు.

"గట్టిగా ఉంది."

జనం చప్పట్లు కొట్టారు. పూజారిణి స్తంభానికి ఊలు దండ చుట్టింది. ఎకెమస్ సుత్తిని తీసియాస్ చేతిలో పెట్టి, అతనికి మాత్రమే వినపడేలా అన్నాడు: "ఇంకో నాలుగేళ్లు మోస్తుందిలే, మన కాలానికి చాలు. చూశావా, ఎంత తేలికో? నువ్వు ఆ వేళ మా దాని మీద ఈ మాటే అని ఉంటే అబద్ధం కూడా అయ్యేది కాదు."

కర్ర ఊతం టకటకలాడించుకుంటూ మెట్లు దిగి, తన పాత చోటుకు పోయాడు.

పండగనాడు తీసియాస్ తన స్తంభం కిందే కూర్చున్నాడు. అమ్మవారు విన్న మాట, కాదనడానికి లేదు. మనవలు మాంసం తెచ్చి పెట్టారు, "ఆనుకుని కూర్చో తాతా, నడుం పట్టేస్తుంది" అన్నారు. కింద మెట్ల దగ్గర ఎండలో ఎకెమస్ ఒక్కడే రొట్టె విరుచుకుంటున్నాడు. పొద్దు వాలేదాకా తీసియాస్ ఆ స్తంభానికి వీపు ఆనించలేదు.