నాలుగు వేళ్ల సందు

సాయంత్రం నుంచి గుగ్గిలం వాసన వస్తోంది. ఇక్కడ రంగూన్‌లో, మా ఇంటి దగ్గరి పజుండౌంగ్ కాలువ ఒడ్డున ఎవరో పడవను బోర్లించి, పలకల సందులు పూడ్చడానికి గుగ్గిలంలో నూనె పోసి కాస్తున్నారు. చిన్నవాడికి జలుబు చేసిందని ఇంట్లో తలుపులూ కిటికీలూ అన్నీ వేశాను. అయినా ఆ వాసన వాడి ఉయ్యాల దాకా వచ్చింది. పడమటి కిటికీ రెక్కలో అడుగు చెక్క ఒకటి లేదు. అక్కడి నుంచి వచ్చింది. పిల్లలిద్దరూ నిద్రపోయాక దీపం తగ్గించుకుని ఇది రాస్తున్నాను. ఆ వాసన తగిలితే నాకు అప్పలస్వామి మేస్త్రి గుర్తొస్తారు. ఆయన్ని ఎరగనివారికి ఆయన గురించి చెప్పాలంటే ముందు మా చక్రాల ఇంటి గురించి చెప్పాలి.

నాలుగేళ్ల క్రితం మావారికి షాన్ కొండల మీది రైలు మార్గంలో వంతెనలు చూసే పని పడింది. చలికాలం మూడు నెలలూ అక్కడే ఉండాలి. బంగళా లేదు. సామాన్లు మోసే పాత రైలుపెట్టె ఒకదాన్ని ఇల్లుగా మార్చి ఇస్తారు, పని ఎక్కడుంటే అక్కడ పక్క పట్టాల మీద దాన్ని నిలుపుతారు. మా పెద్దమ్మాయికి అప్పుడు ఏడో నెల. పసిబిడ్డతో కొండలేమిటి, ఇక్కడే ఉండమని అత్తగారు ఎంతగానో చెప్పారు. నేను వినలేదు. అందుచేత అక్కడ పిల్లకు ఏం జరిగినా అది నా మొండితనం వల్లే జరిగినట్టు. కాలేజీలో చదివానన్న మాటే గాని, చలి అంటే ఏమిటో నాకు తెలియదు. మా పెద్దలు విశాఖపట్నం తీరం నుంచి వచ్చిన రేవు పనివాళ్లు. రంగూన్లో మేము ఎరిగిన చలి ఒక దుప్పటితో తీరిపోయేదే.

ఆ పెట్టెను ఇన్సేన్ రైలు కార్ఖానాలో తయారు చేస్తున్నారని తెలిసి, పిల్లను ఎత్తుకుని వెళ్లాను. పెట్టెలోకి చలి రాకుండా ఏమేం చేయాలో ఇంగ్లీషు పుస్తకాలు చూసి రాసుకున్న రెండు కాగితాల జాబితా కూడా పట్టుకెళ్లాను. అక్కడి వడ్రంగి మేస్త్రే అప్పలస్వామి గారు. బక్కపలచని ముసలాయన, చెవి మీద పెన్సిలు. ఆయనకు చదువు రాదని తెలియక కాగితాలు చేతికిచ్చాను. ఆయన వాటిని తిరగేసి చూసి, "ఏటి తల్లీ ఇంత రాసినావు? పెట్టికేటి పెళ్లి సేస్తన్నావా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా ముఖం చూసి, చదివి వినిపించమని స్టూలు వేశారు. నేను చదువుతుంటే ఒక్కొక్కదానికీ తల ఊపారు. చివరికి తేలిందేమిటంటే, వాటిలో చాలావరకు ఆయన అప్పటికే చేసేశారు.

పెట్టె గోడకు లోపల ఇంకో వరస టేకు పలకలు కొట్టి, రెండింటి మధ్యా బూరుగు దూది కూరారు. నేల మీద తారు పూసిన గోనెపట్టలు, వాటి మీద రెండు వరసల చాపలు. ఆయన తాతముత్తాతలు భీమిలిలో పడవలు కట్టినవాళ్లట. నీళ్లు దూరని సందులో గాలి కూడా దూరదని, పలకల మధ్య దూదితాడు కూరి పైన గుగ్గిలం ముద్ద పూశారు. పని అయ్యాక తలుపు మూయించి, ఊదుబత్తి వెలిగించి గోడ వెంట మెల్లగా నడిచారు. పొగ ఎక్కడ వంగితే అక్కడ సుద్దతో గీత గీశారు. నా చేతికి కూడా ఒక బత్తి ఇచ్చారు. పిల్లను చంకనేసుకుని నేనూ నడిచాను. నా బత్తి పొగ మంచం పక్కన, నేలకు జానెడు ఎత్తున, ఒక్కసారిగా వాలిపోయింది. అక్కడ నాలుగు వేళ్లు పట్టే కన్నం ఉంది. మేస్త్రి మరిచిపోయారనుకుని చూపించాను.

"అది మరిసిపోనేదు. ఎట్టినాను."

పిల్ల పడుకునే చోటే కన్నం ఏమిటన్నాను. పుస్తకంలో అన్ని సందులూ మూయాలనే ఉందన్నాను.

"ఆ పుస్తకం రాసిన దొర కుంపటెట్టుకుని పడుకున్నాడేటి?"

తర్వాత, ఉలి తుడుచుకుంటూ, తన తమ్ముడి సంగతి చెప్పారు. ఆ కొండల మీద పట్టాలు వేసే రోజుల్లో మనవాళ్లు నలుగురు చలికి తట్టుకోలేక గుడిసె సందులన్నీ గడ్డితో కూరి, రేకు డబ్బాలో బొగ్గులు రాజేసుకుని పడుకున్నారట. ఇళ్ల దగ్గర వాకిట్లో పొయ్యి పెట్టుకునేవాళ్లకు మూసిన గదిలో బొగ్గు ఏం చేస్తుందో ఎలా తెలుస్తుంది? తెల్లవారాక తలుపు తీస్తే నలుగురూ నిద్రపోతున్నట్టే ఉన్నారట. అందులో ఒకడు తమ్ముడు.

"సలి పిల్లనేడిపిస్తాది తల్లీ. బొగ్గు ఏడవనీదు," అన్నారు.

కన్నానికి కనీసం ఒక మూతైనా పెట్టమన్నాను. మూతుంటే మూస్తావని ఆయన పెట్టలేదు.

కొండల మీద మొదటి పక్షం బాగానే గడిచింది. తర్వాత ఒక ఉదయం బకెట్టులో నీళ్ల మీద అద్దంలా మంచు పేరుకుంది. పిల్ల ముక్కు ఎర్రబడి, అరిచేతులు చల్లబడ్డాయి. ఆ సాయంత్రం మావారు ఇంట్లో లేరు. నా పాత శాలువా చించి ఆ కన్నంలో గట్టిగా కూరాను. తమ్ముడి కథ మరిచిపోయి కాదు. కళ్లెదుట ఉన్న చల్లని చేతుల ముందు అది ఎవరికో జరిగిన కథలా అనిపించింది. కుంపటి నిండుగా రాజేశాను. అనుమానం తీరక ఊదుబత్తి వెలిగిస్తే పొగ ఇంకా మంచం దగ్గర వాలుతూనే ఉంది. ఎందుకో అర్థం కాక, శాలువాను ఇంకాస్త లోపలికి నొక్కాను. పొద్దున పిల్ల పాల కోసం పెట్టె అదిరేలా ఏడ్చి నన్ను లేపింది. నా తెలివిని నేనే మెచ్చుకున్నాను. చలికాలం అయ్యేదాకా ఆ గుడ్డ తీయలేదు.

ఫాల్గుణంలో పెట్టె ఇన్సేన్‌కు తిరిగొచ్చింది. సామాను దింపుతుంటే మేస్త్రి లోపలికి వచ్చి, వంగి, ఆ శాలువా ముక్కను బయటికి లాగారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మంచం కింది సొరుగు పూర్తిగా లాగి, అక్కడి పలక ఒకటి ఊడదీసి, చూడమన్నారు. వరసగా ఏడు కన్నాలు, ఎలుకలు రాకుండా తీగవల కొట్టి ఉన్నాయి. తర్వాత కప్పు చూరులో దాచిన మరో వరస చూపించారు.

"నువ్వు మూస్తావని నాకెరికే. మా యమ్మున్నా మూసీది. బయపడతన్న మనిషితో ఎంతసేపని తగువాడతాం? నువ్వెల్లినాక నీ సెయ్యందనికాడ ఎట్టేసినాను."

మా అమ్మాయి ఆయన పంచె అంచు పట్టుకుని లేచి నిలబడడానికి తంటాలు పడుతోంది.  రెండు నెలలకు పైగా నా బిడ్డ ఆ ఏడు కన్నాల మీద ఊపిరి తీసుకుందని అప్పటికి తెలిసింది. ఆయన శాలువా ముక్క దులిపి మడిచి నా చేతికిచ్చి, ఇది మంచి ఉన్ని, పారేయకు అన్నారు.

మేస్త్రి నిరుడు ఓడెక్కి భీమిలి వెళ్లిపోయారు. నా భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. రెండో కాన్పు తర్వాత ఇంకా పెరిగింది కూడా. కాకపోతే దాన్ని నేనిప్పుడు ఎరుగుదును. ఈ ఇంట్లోకి వచ్చిన వారంలోనే వడ్రంగిని పిలిచి, పడమటి కిటికీ రెక్కలో అడుగు చెక్క తీయించి, ఆ చెక్కను అతణ్నే పట్టుకుపొమ్మన్నాను. ఇంట్లో ఉంటే నేను మళ్లీ బిగిస్తాను.

ఇందాక వాసన వచ్చినప్పుడు ఆ శాలువా ముక్క చేతిలోకి తీసుకుని కిటికీ దాకా వెళ్లాను. కాసేపు నిలబడి, మడిచి, తిరిగి ట్రంకుపెట్టెలో పెట్టాను.

చిన్నవాడు లేచినట్టున్నాడు. జలుబు గొంతుతో, వీధి చివరిదాకా వినబడేలా ఏడుస్తున్నాడు. వెళ్లాలి.