ఓడ లేటైందని చెప్పిన రోజు

లుడివినా, నేనూ మియగావ్ అనే సముద్రపుటూరి దగ్గరి బడిలో పక్కపక్క తరగతులకు ఇంగ్లీషు చెప్పేవాళ్ళం. ఆమె భర్త నెమెసియో సరుకు ఓడలో ఇంజను దగ్గర పనిచేసేవాడు. మూడు వారాలుగా అతని నుంచి ఫోను లేదు. ఓడవాళ్ళ ఇళ్ళల్లో అది మామూలే.

ఒక మంగళవారం పొద్దున ఆమె బడికి బయల్దేరుతుంటే మనీలాలోని ఓడ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫోనులో దొరకలేదట, భర్త సామాను ఎక్కడికి పంపాలో చెప్పమన్నారు. అతని పేరుకు ముందు ‘లేట్’ అని రాసుంది.

అత్తగారు ఎండుచేపలు వేయిస్తోంది. "ఏం రాశారే ఇందాయ్, అమ్మాయ్? గట్టిగా చదువు."

ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టే చదివింది. ముసలామెకు ఆ ఒక్క మాటే తెలిసింది.

"లేటా? ఓడ లేటైందా?"

"అవును నానాయ్, అవునమ్మా. లేటే."

ఎందుకలా అన్నావని తర్వాత అడిగాను. నోటికి అదే వచ్చిందంది.

ఆ రోజు పాఠం ‘లేట్’ అనే మాట మీదే. మార్చుకోవచ్చు. మార్చలేదు. గోడ అవతల నుంచి ఆమె గొంతు నాకు వినబడుతూనే ఉంది. "లేట్ బస్సంటే ఆలస్యమైన బస్సు. లేట్ మేయరంటే చనిపోయిన మేయరు. లేట్లీ అంటే ఈమధ్య, అంతే. దానికి చావుతో పనిలేదు." ఎవరో ‘మా లేట్లీ తాత’ అని రాస్తే ఎర్రపెన్నుతో చివరి ‘లీ’ కొట్టేసిందట.

సాయంత్రం ఇద్దరం బజారుకెళ్ళాం. చేపలమ్మే బెర్తా దూరం నుంచే కేకేసింది.

"మేడం లుడీ! మీ ఆయన లేటంటగా? ఏ రేవులో ఏ పిల్ల కట్టేసుకుందో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అప్పటికి నాకూ తెలీదు. అత్తగారు వీధంతా చెప్పేసిందన్నమాట.

"ఓడ కాదు బెర్తా. ఆయన పోయాడు. అరకిలో తూచు."

బెర్తా చేతిలో కత్తి ఆగిపోయింది. లుడివినా సంచీ చాపి అలాగే నిలబడింది.

ఇంటికి నేనూ వెళ్ళాను. చెప్పగానే ముసలామె కోడలి భుజాల మీద రెండు చేతులా బాదింది. "లేటన్నావు కదే! లేటంటే వస్తాడనేగా! పొద్దంతా నవ్వుకుంటూ తిరిగాను కదే!"

లుడివినా అడ్డుపడలేదు, ఏడవలేదు.

ఏప్రిల్లో అతని సామాను పెట్టె వచ్చింది. చొక్కాలన్నీ అత్తగారు తీసుకుంది. లుడివినా అతని చెప్పులు తొడుక్కుని రెండడుగులు వేసి, పెద్దవయ్యాయని విప్పేసి, అన్నం పొయ్యి మీద పెట్టింది.